బీదరులో కట్టిన ఓడ

ఉగాది సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు చరిత్ర వ్యాసం ఇస్తానని మాట ఇచ్చాను. ఏ చరిత్ర వ్రాస్తారని మా ఆవిడ అడిగింది. ఓడలను గూర్చి అన్నాను. ఆమె నవ్వి, "బీదరులో ఓడలేమిటండీ? ఎండాకాలం వస్తే ఇక్కడ బిందెడు నీళ్ళకే కరవు" అన్నది. కాదనడానికి లేదు. మన బీదరు సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైబడి, ఎర్రరాతి పీఠభూమి మీద ఉన్నది. తూర్పు తీరానికి పోయినా పడమటి తీరానికి పోయినా రెండువందల మైళ్ళకు పైగా నేల మీదనే ప్రయాణం చేయాలి. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలలో సముద్రాన్ని చూడనివారే ఎక్కువ.

అయినప్పటికీ ఏడాదిన్నరగా మా ఇంటి వెనుక వసారాలో ఒక తెరచాప ఓడ తయారవుతున్నది. పొడవు అడుగున్నర, కొయ్యతో చేసిన నమూనా. దానిని చేస్తూ నేను చదివినవీ, విన్నవీ, నా పిల్లల వలన తెలిసికొన్నవీ కొన్ని సంగతులు ఇక్కడ మనవి చేస్తాను. మన సంఘంలో చిన్నపిల్లలున్న కుటుంబాలు పెక్కు ఉన్నవి గనుక వారికి ఇవి పనికిరావచ్చునని నా ఆశ.

పిల్ల అడిగిన ప్రశ్న

మా పెద్దపిల్లకు ఏడేళ్ళు, చిన్నవాడికి మూడేళ్ళు. ఒకనాడు పెద్దపిల్ల బడినుంచి వచ్చి, "నాన్నా, ఇవాళ పాఠంలో హడగు వచ్చింది. తెలుగులో దాన్ని ఏమంటారు?" అని అడిగింది. ఓడ అంటారన్నాను. పుస్తకం తెరిచి బొమ్మ చూపిస్తూ, "మరి ఈ ముందు భాగాన్ని ఏమంటారు? వెనక భాగాన్ని ఏమంటారు? ఈ తాళ్ళ పేరేమిటి?" అని వరుసగా అడిగింది. చుక్కాని, తెరచాప, లంగరు అన్నంతవరకు చెప్పి ఆగిపోయాను.

నేను సిగ్గుపడవలసిన సంగతే ఇది. మా అమ్మ పుట్టినిల్లు అప్పటి తూర్పుగోదావరిలోని తాళ్ళరేవు ప్రాంతం. మా తాతగారు పడవలు కట్టిన వడ్రంగి. ఆ వంశంలో పుట్టినవాణ్ణి పిల్ల అడిగిన నాలుగు మాటలకు జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రే మా మేనమామగారికి ఫోను చేశాను. ఆయనకు ఎనభై దాటింది. చెవులు కొంచెం మందగించినా జ్ఞాపకం చెక్కుచెదరలేదు.

"మావయ్యా, ఓడకు వెనక భాగాన్ని ఏమంటారు?"

"నీకెందుకురా అబ్బాయ్ ఇప్పుడు? బీదర్లో ఓడ కొన్నావా ఏంటి?"

"పిల్ల అడిగింది మావయ్యా."

"అలా చెప్పు. వెనక భాగాన్ని అమరం అంటారు. సరంగు చుక్కాని పట్టుకుని అక్కడే కూచుంటాడు. లావుపాటి తాడు మోకు. తెరచాప కట్టేది కొయ్య. పీచు దూర్చి, గుగ్గిలం రాసి..." అని చెప్పుకుంటూ పోయి, చివరకు, "నోటితో చెబితే పిల్లకి రావురా. చేసి చూపించు" అన్నాడు.

మా ఇంట్లో ఓడ పని మొదలైంది ఆ మాట మీదనే.

ఏ ఓడ చేయాలి?

పాశ్చాత్య దేశాలలో ఓడ నమూనాలు చేయడానికి పెద్ద చరిత్రే ఉన్నది. నాలుగువేల ఏళ్ళనాటి ఈజిప్టు సమాధులలోనే కొయ్య పడవల బొమ్మలు దొరికాయి. పదిహేడవ శతాబ్దిలో ఇంగ్లండులో యుద్ధనౌకలకు కొలత ప్రకారం సరిగా నమూనాలు చేశారు. ఇప్పుడు మూడు కొయ్యల యూరపు ఓడలు ముక్కలు ముక్కలుగా పెట్టెలో కూర్చి అమ్ముతారు. అతికించడమే మన పని. నేను కూడా మొదట అటువంటిదే తెప్పించుకుందామనుకున్నాను. కాని తాళ్ళరేవు వడ్రంగి మనుమడి పిల్లలకు పరాయివారి యుద్ధనౌక చేసి ఇవ్వడానికి మనసు ఒప్పలేదు.

మన తెలుగువారి ఓడకు బొమ్మ ఎక్కడున్నదని వెదికితే ఒక నాణెం మీద దొరికింది. క్రీస్తుశకం 2వ శతాబ్దిలో శాతవాహనులు తూర్పుతీరంలో చెలామణి చేసిన సీసపు నాణెములలో కొన్నిటిమీద ఓడ బొమ్మ ఉన్నది. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములు వీటిలో ప్రసిద్ధమైనవి. బొటనవ్రేలి గోరంత స్థలంలో శిల్పి ఎంతో చూపించాడు. రెండు కొయ్యలు, పైకి లేచిన రెండు కొనలు, వెనుకప్రక్క చుక్కాని తెడ్డు కనిపిస్తాయి. రాజు తన నాణెం మీద ఓడను వేయించాడంటే ఆ రాజ్యపు సంపద ఏ దారిని వచ్చేదో వేరే చెప్పనక్కరలేదు.

ఆ నాణెం ఫోటోను పెద్దదిగా చేయించి గోడకు అంటించాను. పిల్ల దానిని చూచి, "ఇది ఓడా? అరటిపండులా ఉంది" అన్నది. సరిగ్గానే చెప్పింది. ఓడ అడుగు ఎంత వంపు తిరగాలో నాకు ఆ మాటతోనే తట్టింది.

నాణెం చూచి ఓడ కట్టడం పిచ్చి పని అని ఎవరైనా అంటే వారికి చెప్పడానికి ఒక పెద్ద సాక్ష్యం ఉన్నది. అజంతా గుహలలోని ఐదవ శతాబ్దపు చిత్రాన్ని ఆధారం చేసుకొని మన నౌకాదళంవారు ఒక కుట్టు ఓడను కట్టించారు. ప్రాచీనులు వదలిపోయిన పటాలు లేవు, కొలతలు లేవు. చిత్రాన్ని చూచి ఆకారం ఊహించి, మద్రాసు ఐ.ఐ.టి.లో చిన్న నమూనాలతో పరీక్షలు చేయించి, కేరళ వడ్రంగుల చేత పలకలను కొబ్బరితాళ్ళతో కుట్టించారు. దానికి కౌండిన్య అని పేరు పెట్టి 2025 మే నెలలో మన కర్ణాటకలోని కార్వార్‌లోనే నౌకాదళంలో చేర్చుకున్నారు. ఈ సంగతి పత్రికలో చదివిన రోజున మా ఇంట్లో పండుగే.

బీదరుకు వచ్చిన ఓడలు

ఇక మా ఆవిడ అడిగిన ప్రశ్నకు వస్తాను. బీదరుకు ఓడలతో సంబంధం లేదనుకోవడం పొరపాటు. పదిహేనవ శతాబ్దిలో ఈ ఊరు బహమనీ సుల్తానుల రాజధాని. ఆ రాజధానికి గుఱ్ఱాలు, పట్టు, విద్వాంసులు, శిల్పులు అరేబియా సముద్రం దాటి వచ్చారు. ఓడరేవులలో దిగి, పడమటి కనుమలు ఎక్కి, కాలినడకన, గుఱ్ఱాల మీద ఇక్కడికి చేరారు.

వారిలో ముఖ్యుడు మహమూద్ గవాన్. పారశీక దేశంలో కాస్పియన్ సముద్రతీరాన ఉన్న గీలాన్ ప్రాంతంవాడు. వ్యాపారం నిమిత్తం ఓడమీద బయలుదేరి 1453 ప్రాంతంలో దాభోల్ రేవులో దిగి బీదరు వచ్చాడు. వచ్చినవాడు మళ్ళీ తిరిగి పోలేదు. క్రమంగా రాజ్యానికే మంత్రి అయినాడు. పడమటి తీరంలో వర్తక నౌకలను దోచేవారి బెడద అణచడానికి దండెత్తి, 1472లో గోవా రేవును బహమనీ రాజ్యంలో చేర్చాడు. ఆ ఏడే బీదరులో పూర్తయిన మదరసాను మనం రోజూ బజారుకు పోతూ వస్తూ చూస్తూనే ఉన్నాము. పదిహేడవ శతాబ్ది చివర జరిగిన ప్రేలుడులో సగం కూలిపోయినా, మిగిలిన మినారు మీద నీలం, ఆకుపచ్చ పెంకులు నేటికీ మెరుస్తున్నవి. దానిని కట్టించినవాడు మనవలెనే పొట్ట చేతపట్టుకొని పైదేశం నుండి వచ్చినవాడని పిల్లలకు చెప్పినప్పుడు మా పెద్దపిల్ల, "ఆయన వాళ్ళ అమ్మకు ఫోను చేసేవాడా?" అని అడిగింది. ఉత్తరాలు వ్రాసేవాడమ్మా అన్నాను. గవాన్ వ్రాసిన లేఖల సంకలనం నేటికీ నిలిచి ఉన్నది గనుక ఆ జవాబు తప్పు కాదు.

రెండవవాడు అఫనాసీ నికితిన్ అనే రష్యా వర్తకుడు. త్వేర్ నగరవాసి. 1470 ప్రాంతంలో హోర్ముజ్ రేవునుండి ఒక గుఱ్ఱాన్ని ఓడలోకి ఎక్కించుకొని, ఆరు వారాలు సముద్రం మీద ప్రయాణం చేసి, చౌల్ రేవులో దిగాడు. మన దేశంలో గుఱ్ఱానికి మంచి ధర వస్తుందని ఎవరో చెప్పగా విని వచ్చాడు. జున్నరులో అక్కడి అధికారి ఆ గుఱ్ఱాన్ని లాగుకొని, మతం మార్చుకుంటే ఇస్తానన్నాడు. ఒక ఖురాసాన్ పెద్దమనిషి అడ్డుపడి దానిని తిరిగి ఇప్పించాడు. చివరకు దానిని బీదరులోనే అమ్మాడు. కోటలోని రాజభవనానికి ఏడు ద్వారాలున్నవనీ, లోపలికి పోయేవారి పేర్లు, బయటికి వచ్చేవారి పేర్లు వ్రాసుకొనడానికి లేఖకులు కూర్చుంటారనీ తన ప్రయాణ గ్రంథంలో వ్రాసుకున్నాడు. ఇక్కడి ప్రభువులు భాగ్యవంతులనీ, పల్లెజనం మిక్కిలి పేదలనీ కూడ వ్రాశాడు. తిరిగి పోతూ దాభోల్‌లో ఓడ ఎక్కాడు గాని సొంత ఊరు చేరకుండానే దారిలో చనిపోయాడు. ఆయన కథను 1957లో మన దేశంవారు, రష్యావారు కలిసి సినిమాగా తీశారు.

ఈ కథ విన్న తరువాత మా పిల్లలిద్దరూ ఒక్కటే పట్టు పట్టారు: మన ఓడలో గుఱ్ఱం ఉండాలి. శాతవాహనుల ఓడకూ నికితిన్ గుఱ్ఱానికీ మధ్య ఇంచుమించు పదమూడువందల ఏళ్ళు తేడా ఉన్నదని ఎంతో చెప్పాను. చరిత్ర చదివినవాడి మాట మా ఇంట్లో చెల్లలేదు.

మొదటి ఓడ మునక

పని ఎప్పుడు చేయడమన్నది పెద్ద సమస్య. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. వారానికి మూడు రాత్రులు ఆమెకు డ్యూటీ. ఆ రాత్రులు పిల్లలకు అన్నం పెట్టడం, కథ చెప్పడం, నిద్రపుచ్చడం నా వంతు. వాళ్ళు మేలుకొని ఉండగా ఉలి బయట పెట్టరాదు. వాళ్ళు పడుకున్నాక రంపం కోయరాదు, ఆ చప్పుడుకు చిన్నవాడు లేచి కూర్చుంటాడు. కాబట్టి కోత పని ఆదివారం పగలు, నునుపు చేసే పని రాత్రిపూట అని పెట్టుకున్నాను. ఉలులు, బరమా, చాకులు ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసి బీరువా మీద ఉంచేవాణ్ణి. పిల్లల చేతికి ఇచ్చేది గరుకు కాగితం ఒక్కటే. బాగా సాగిన వారంలో నాలుగు గంటలు పని జరిగేది. జ్వరాలు, దగ్గులు, పరీక్షలు వచ్చిన వారంలో అదీ లేదు.

టింబరు డిపోలో పడవేసిన టేకు ముక్కలు తెచ్చి, పలుచని పలకలుగా కోయించి, బజారులో దొరికే తెల్లని వడ్రంగి జిగురుతో అతికించి, ఏడు నెలలకు ఓడ అడుగు పూర్తి చేశాను. నునుపుగా, వంపుగా, చూడముచ్చటగా వచ్చింది. ఆఫీసు మిత్రులు వచ్చి చూచి మెచ్చుకున్నారు.

ఒక ఉదయం లేచి చూస్తే అది బల్ల మీద లేదు. ఇల్లంతా వెదికి, స్నానాలగదిలోని నీళ్ళతొట్టిలో చూచాను. చిన్నవాడు ముందు రోజు సాయంకాలం నేను వంటలో ఉన్న సమయంలో దానిని అక్కడ వదిలిపెట్టాడు. రాత్రంతా నీళ్ళలో నాని జిగురు కరిగిపోయింది. పలకలన్నీ విడివడి తేలుతున్నవి. నాకు వచ్చిన కోపం వ్రాయరానిది. వాడిమీద గట్టిగా అరిచాను. వాడు ఏడుస్తూ ఒకే మాట అన్నాడు: "ఓడ నీళ్ళల్లో ఉండాలి కదా నాన్నా!"

ఆ మాట తరువాత నేను ఏమీ అనలేకపోయాను. బల్ల మీద పెట్టుకొని మురియడానికి ఏడు నెలలు కష్టపడినవాణ్ణి నేను. ఓడ అంటే ఏమిటో అర్థమైనది మూడేళ్ళవాడికి.

కుట్టిన ఓడ

మావయ్యకు ఫోను చేసి జరిగినది చెప్పాను. ఆయన నవ్వి నవ్వి, "జిగురేంట్రా? ఓడని జిగురుతో అంటిస్తారా ఎవరైనా?" అన్నాడు. అప్పుడు నేను పుస్తకాలు మళ్ళీ తిరగవేశాను.

పూర్వం మన సముద్రాలలో తిరిగిన ఓడలు పెక్కింటికి ఇనుప మేకులు లేవు. పలకల అంచులకు రంధ్రాలు వేసి కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టేవారు. పదమూడవ శతాబ్దిలో హోర్ముజ్ రేవులో ఇటువంటి ఓడలను చూచిన మార్కోపోలో, ఇవి నమ్మదగినవి కావని వ్రాశాడు. ఆయన మన మోటుపల్లి రేవును గూర్చి కూడ వ్రాసినవాడే. భోజుని పేర వెలసిన యుక్తికల్పతరువు అనే సంస్కృత గ్రంథంలో సముద్రంలో పోయే ఓడల అడుగున ఇనుము వాడరాదనీ, సముద్రంలోని అయస్కాంత శిలలు లాగివేస్తవనీ ఉన్నది. అయస్కాంతం మాట ఎట్లున్నా, కుట్టులో ఒక గుణం ఉన్నది. మేకు బిగించిన పలక అల తగిలితే పగులుతుంది. కుట్టిన పలక వంగి మళ్ళీ నిలుస్తుంది. మద్రాసుకు హార్బరు కట్టక పూర్వం, నడిసముద్రంలో నిలిచిన ఓడలకూ ఒడ్డుకూ మధ్య మనుషులను, సరుకులను చేరవేసినవి మసూలా పడవలనే కుట్టు పడవలే. కోరమండల తీరపు పెద్ద కెరటాలలో ఆంగ్లేయుల గట్టి పడవలు బద్దలైపోయేవి. మన బెస్తవారి మసూలా పడవలు మాత్రం కెరటంతో పాటు ఒదిగి ఒడ్డెక్కేవి.

రెండవ ఓడను కుట్టడానికి నిశ్చయించుకున్నాను. పలకల అంచులకు సన్నని బరమాతో రంధ్రాలు వేశాను. ఆ రంధ్రాలలోనుంచి మైనం పూసిన దారం దూర్చాలి. ఒక ప్రక్క పలక, మరొక ప్రక్క పీచు, మధ్య నా లావు వ్రేళ్ళు. రెండు రాత్రులు ప్రయత్నించి విసుగెత్తిపోయాను. మూడవ రాత్రి పెద్దపిల్ల వచ్చి ప్రక్కన కూర్చుని, "ఇలా ఇవ్వు నాన్నా" అని దారం అందుకున్నది. లోపలినుంచి దారం పట్టి లాగడానికి ఆ చిన్న చెయ్యి సరిగ్గా పట్టింది. ఆ రోజునుండి కుట్టు పని అంతా ఇద్దరం కలిసే చేశాము. నేను రంధ్రం వేయడం, ఆమె దారం లాగడం, చిన్నవాడు పీచు విడదీసి ఇవ్వడం. వాడు ఇచ్చినదానిలో సగం నేలపాలయ్యేది. అయినా ఆ పని వాడిదే.

ఈ సంగతి చెప్పినప్పుడు మావయ్య ఏమీ ఆశ్చర్యపడలేదు. "మేమూ అంతేరా. నాకు ఐదేళ్ళప్పుడు మా నాయన నన్ను పడవలోపల కూచోబెట్టి దీపం పట్టుకోమనేవాడు. పెద్దాళ్ళ చెయ్యి పట్టని మూలల్లో పీచు దూర్చింది మేమే. పని నేర్పుతున్నామని ఎవరూ చెప్పలేదు. దీపం పట్టుకోమన్నారు, అంతే" అన్నాడు.

అప్పటివరకు పిల్లలు నా పనికి అడ్డమనుకున్నాను. వాళ్ళు నిద్రపోయిన తరువాత దొరికే గంటను దొంగిలించి ఓడ చేసేవాణ్ణి. మన పూర్వులకు పటాలు లేవు, పాఠశాలలు లేవు. అయినా ఓడ కట్టే విద్య వేలయేళ్ళు ఎలా నిలిచిందని పుస్తకాలలో వెదికినవాడికి జవాబు మావయ్య చేతి దీపంలో కనిపించింది. పిల్లలను పంపించివేసి పని చేసుకొని ఉంటే ఆ విద్య ఒక్క తరంలోనే అంతరించేది.

గుగ్గిలం, నూనె కాచి సందులకు పూసిన పని మాత్రం పిల్లలను దగ్గరకు రానీయకుండ అర్ధరాత్రి చేశాను. ఇల్లంతా వారం రోజులు వాసన వేసింది. తరువాత ఆదివారం అందరి సమక్షంలో ఓడను అదే నీళ్ళతొట్టిలో విడిచాము. మొదట కుట్ల వెంట కొంచెం నీరు ఊరింది. నా గుండె ఆగినంత పని అయింది. పలకలు, పీచు నాని ఉబ్బిన కొలదీ కారడం తగ్గిపోయింది. అరగంటకు ఓడ నిలకడగా తేలింది. చిన్నవాడు ఊదితే కదిలింది.

కొండపల్లి కొయ్య గుఱ్ఱం

ఇక గుఱ్ఱం బాకీ మిగిలింది. టేకులో చిన్న గుఱ్ఱాన్ని చెక్కడం నాకు చేతకాలేదు. విజయవాడనుండి వచ్చిన బంధువులు కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి కొయ్య ముక్క ఒకటి తెచ్చి ఇచ్చారు. అది మిక్కిలి తేలికైన మెత్తని కొయ్య. కొండపల్లివారు దానిని సన్నని సెగమీద ఆరబెట్టి, ముక్కలు వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. నేనూ మక్కు కలిపాను. మా గుఱ్ఱం కొంత గాడిదను పోలి ఉన్నదన్న విమర్శ ఇంటిలో ఉన్నది. అది నిజమే గాని పిల్లలు దానిని గుఱ్ఱమనే పిలుస్తారు.

ఆ కొయ్య ముక్క చేతిలో పట్టుకొన్నప్పుడు నాకు ఒక సంగతి గుర్తుకు వచ్చి ఒళ్ళు జలదరించింది. సముద్రం దాటి వచ్చి బీదరును ఇంత చేసిన మహమూద్ గవాన్‌పై శత్రువులు దొంగ ఉత్తరం సృష్టించారు. సుల్తాను దానిని నమ్మి, 1481 ఏప్రిల్ 5వ తేదీన ఆ వృద్ధ మంత్రిని చంపించాడు. అది జరిగినది బీదరులో కాదు; తెలుగుదేశపు దండయాత్రలో కొండపల్లి వద్ద. ఆయన సమాధి మాత్రం మన బీదరు ప్రక్కనే ఉన్నది. ఆయన చివరి ప్రయాణం కొండపల్లినుండి బీదరుకు. మా గుఱ్ఱం కొయ్య వచ్చినదీ ఆ దారినే.

తరువాతి ఆదివారం పిల్లలను కోటకు తీసుకొనిపోయి రంగీన్ మహల్ చూపించాను. చెక్కిన కొయ్య స్తంభాలు, నల్లరాతిలో పొదిగిన ముత్యపుచిప్పల పనితనం చూచి పెద్దపిల్ల, "ఇవి ఎక్కడివి నాన్నా?" అన్నది. సముద్రంనుంచి వచ్చినవి అన్నాను. "ఐతే ఇక్కడికి సముద్రం వచ్చిందన్నమాట" అన్నది.

కోరంగివారు

ఈ సంచిక చదివే మనమందరం ఏదో ఒక ఊరినుండి వచ్చినవాళ్ళమే. కొందరు బీదరువాసులైతే రాలేదు కూడ. 1956లో రాష్ట్రాలు విడిపోయినప్పుడు జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయి బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. వారు ఇంట్లో ఉండగానే పొరుగు రాష్ట్రంవారైనారు. కాబట్టి ఓడ ఎక్కి పోయిన తెలుగువారిని గూర్చి రెండు మాటలు చెప్పి ముగిస్తాను.

తాళ్ళరేవు ప్రక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు తూర్పుతీరంలో ఓడలు కట్టడానికి పేరుపొందిన రేవు. గోదావరి పాయ ఒడ్డున ఓడలు కట్టేవారు, మరమ్మతు చేసేవారు. 1789లో, మళ్ళీ 1839లో వచ్చిన ఉప్పెనలు ఆ రేవును ముంచి వేల ప్రాణాలు తీసినవి. రేవులో మేటలు వేసి ఓడలు రాక, వర్తకం కాకినాడకు తరలిపోయింది. కాని అప్పటికే ఆ పేరు సముద్రాలు దాటింది. బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలిచేవారు. 1843లో కోరంగి పాకెట్ అనే ఓడ తెలుగు కూలీలను మారిషస్‌కు తీసుకొనిపోయింది. ఆ ద్వీపంలోనూ తెలుగువారికి కోరంగి అన్న పేరు పడింది. ఆ ఓడ 1845లో ఆస్ట్రేలియాకు తూర్పున కోరల్ సముద్రంలో మునిగింది. అది మునిగినచోటి చిన్న దీవులను నేటికీ కోరంగి దీవులనే అంటారు. మనవాళ్ళు ఏ ఊరివారైనా, ఏ కులంవారైనా, పరదేశంలో వారందరికీ ఓడ ఎక్కిన రేవు పేరే ఇంటిపేరైంది.

తెలుగుతీరంలో ఓడలు కట్టడం అక్కడితో ఆగిపోలేదు. విశాఖపట్నంలో 1941లో శంకుస్థాపన జరిగిన నౌకా నిర్మాణ కేంద్రంలో కట్టిన జల ఉష 1948 మార్చిలో నెహ్రూగారి చేతులమీదుగా సముద్రప్రవేశం చేసింది. స్వతంత్ర భారతంలో జలప్రవేశం చేసిన మొదటి పెద్ద ఉక్కు ఓడ అది. కాని తాళ్ళరేవు చిన్న వడ్రంగుల చేతిలోని మాటలు ఉక్కు ఓడలతో పాటు విశాఖకు పోలేదు. అవి ముసలివారి నాలుకల మీదనే మిగిలినవి.

మొన్న సంక్రాంతికి పిల్లలను, ఓడను తీసుకొని తాళ్ళరేవు పోయాము. మావయ్య దానిని ఒడిలో పెట్టుకొని కుట్ల వెంట బొటనవ్రేలు పోనిచ్చి చాలాసేపు చూచాడు. ఏమంటాడోనని నేను పరీక్షకు కూర్చున్నవాడివలె నిలబడ్డాను. "అమరం బరువెక్కువైంది. వెనక్కి లాగుద్ది" అన్నాడు. కాసేపాగి, "కుట్టు మాత్రం బాగుంది. ఎవరు కుట్టారు?" అని అడిగాడు. పిల్లను ముందుకు తోశాను. ఆయన లోపలికి వెళ్ళి, పిడి అరిగిపోయిన చిన్న ఉలి ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అది ఇప్పుడు ఇనుప పెట్టెలోనే ఉన్నది, ఆమెకు పన్నెండేళ్ళు వచ్చేవరకు. మరునాడు కాకినాడ తీరంలో పిల్లలు మొదటిసారి సముద్రాన్ని చూచారు.

తిరుగు ప్రయాణంలో హైదరాబాదునుండి బీదరుకు బస్సు ఎక్కాము. రద్దీగా ఉండి చిట్టచివరి సీటు దొరికింది. గుంతలకు బస్సు ఎగిరెగిరి పడుతున్నది. ఒడిలో ఓడ పెట్టుకొని నేను విసుక్కుంటుంటే చిన్నవాడు వెనక్కి తిరిగి కిటికీలోనుంచి దారిని చూస్తూ, ఎవరూ అడగకుండానే, "నాన్నా, మనం అమరంలో కూచున్నాం" అన్నాడు.

ఈ ఉగాదినాడు మన సంఘం సభలో ఆ ఓడను ఒక బల్ల మీద ఉంచుతాము. అమరం బరువు ఇంకా సరిచేయలేదు. తెరచాపలు ఇంకా కుట్టలేదు; వాటికి మా అమ్మ పాత నేతచీర ఒకటి తీసి ఉంచాము. బల్ల ప్రక్కన నీళ్ళతొట్టి కూడ పెట్టిస్తున్నాను. పిల్లలను దూరంగా నిలబెట్టవద్దని పెద్దలకు మనవి. ముట్టుకొననివ్వండి, నీళ్ళలో వదలనివ్వండి. ఎవరైనా ముంచినా మాకు కుట్టడం వచ్చును.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.